గడ్డికి చెప్పిన మాటలు

మా ఆయన ఆర్విడ్ మాట్లాడడు. నోరు లేక కాదు. ఉన్న నోటిని కాఫీ తాగడానికీ, ఆదివారం చర్చిలో పాడుతున్నట్టు పెదవులు కదపడానికీ వాడతాడు. పెళ్ళయిన కొత్తలో నా మీద ఏదో మనసులో పెట్టుకున్నాడని కుమిలిపోయేదాన్ని. తర్వాత ఒక క్రిస్మస్‌కి అతనూ, వాళ్ళ నాన్నా, ఇద్దరు తమ్ముళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, "ఉప్పు" అన్న మాట తప్ప ఇంకోటి లేకుండా భోజనం ముగించారు. లేచి, ఎంతో సరదాగా గడిచిందన్నట్టు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. అది చూశాక నా ఏడుపు ఆగింది. ఇది కోపం కాదు, వంశమని తెలిసింది.

మా మిన్నెసోటాలో మగవాళ్ళు చాలామంది ఇంతే. పొగడాలన్నా, తిట్టాలన్నా ఒకే మాటతో సరిపెడతారు: "మరీ అంత ఘోరంగా ఏం లేదు." నా పెళ్ళి గౌను చూసి ఆర్విడ్ ఆ మాటే అన్నాడు. మా సోన్యా పుట్టినప్పుడు పిల్లని చేతుల్లోకి తీసుకుని, కళ్ళనిండా నీళ్ళతో, ఆ మాటే అన్నాడు. గాలివానకి మా గారేజీ కప్పు ఎగిరిపోయి పక్కింటి పెరట్లో పడితే, ఫోన్ చేసిన తమ్ముడికీ అదే చెప్పాడు. ఏది ఏ రకమో వినేవాళ్ళే కనిపెట్టుకోవాలి.

నేను అందుకు పూర్తిగా ఎదురు. పాతికేళ్ళు బడి వంటగదిలో పనిచేశాను. అంతమంది పిల్లల గోలమీద "ట్రే తిన్నగా పట్టుకో" అని అరిచి అరిచి నా గొంతు అలాగే నిలబడిపోయింది. ఇంట్లో ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని. "ఆర్విడ్, కిటికీ తెరలు మార్చేద్దామా? మార్చేద్దాం మార్లిస్, ఎప్పుడో మార్చాల్సింది." ప్రశ్నా నాదే, జవాబూ నాదే. అతను అడ్డు చెప్పేవాడు కాదు కనక ఒప్పుకున్నట్టే లెక్క.

ఆర్విడ్ ధాన్యం గోదాములో పనిచేసి రిటైరయ్యాడు. అది జీతం కోసం. మనసంతా గారేజీలో ఉండేది. గడ్డి కోసే మెషీన్లు, మంచు ఎగజిమ్మే మెషీన్లు, రంపాలు, ఊళ్ళో పెట్రోలుతో తిరిగే చిన్న ఇంజన్ ఏది మొరాయించినా మా ఇంటికే వచ్చేది. విప్పి, తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ బిగించేవాడు. అతని సొంతానికి గడ్డి కోసే మెషీన్ ఒకటుంది, ఎర్రది, మా సోన్యా కంటే వయసులో పెద్దది. శనివారం పొద్దున్నే, ఇంజన్ అంటుకోవడానికి దాని తాడు పట్టి లాగితే వీధి చివర కుక్కలు కూడా లేచేవి. ఆ మోత వినబడినంతసేపూ కిటికీలు మూసుకుని కూర్చునేదాన్ని. పెట్రోలు వాసన తువ్వాళ్ళలోకీ, వెన్నలోకీ కూడా ఎక్కేది.

ఈ ఏడు మంచు కరిగి గడ్డి మొలిచాక మొదటి శనివారం, కిటికీలోంచి చూస్తున్నాను. తాడు లాగాడు. అంటుకోలేదు. మళ్ళీ లాగాడు. మూడోసారి లాగి, పిడి పట్టుకుని, తల పైకెత్తి ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. అలా చాలాసేపు నిలబడ్డాడు. ముఖం తడిపిన పిండిలా ఉంది. నేను బయటికి వెళ్ళాను.

"ఏమైంది?"

"మబ్బు పడుతుందేమోనని."

ఆకాశంలో చెయ్యంత మబ్బు కూడా లేదు. ఆ సోమవారమే డాక్టరు దగ్గరికి పంపాను. నన్ను వెంట రావద్దన్నాడు. వచ్చాక కోటు ఇంకా విప్పకముందే అడిగాను.

"ఏమన్నాడు?"

"మరీ అంత ఘోరంగా ఏం లేదన్నాడు."

"అది డాక్టరు మాటా, నీ మాటా?"

కోటు కొక్కేనికి తగిలించి కాఫీ పోసుకున్నాడు. రెండు రోజులు పోయాక, రొట్టెకి వెన్న రాసుకుంటూ, "తాడు లాగొద్దట" అన్నాడు. అంతే. నాకు ఆ ముక్క చాలు, గుండె సంగతేనని తెలిసింది. సోన్యాకి ఫోన్ చేశాను. వారం తిరక్కుండా మా వాకిట్లో మూడు పెట్టెలు దిగాయి: గడ్డి కోసేది ఒకటి, అంచులు కత్తిరించేది ఒకటి, రాలిన ఆకులు ఊదేది ఒకటి. మూడూ బ్యాటరీవే. ఇటుకంత బ్యాటరీ, ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు.

ఆర్విడ్ పెట్టె తెరిచి, చేతులు జేబుల్లో పెట్టుకుని, దానిచుట్టూ తిరిగాడు.

"హెయిర్ డ్రయ్యర్‌కి చక్రాలు పెట్టారు" అన్నాడు.

"గడ్డి కోస్తుందట."

"ఆరబెడుతుందేమో."

పక్కింటి వెర్నా ఆ మాటలు వింటూ పొద కంచెమీదుగా తొంగి చూసింది. మొగుడు పోయి ఆరేళ్ళయింది, తోటలోనూ మా ఇంటి సంగతుల్లోనూ సమానంగా చెయ్యి పెడుతుంటుంది. "ఆర్విడ్, దానికి నూనె ఎక్కడ పోస్తావు?"

"ఎక్కడా పొయ్యక్కర్లేదట."

చావు కబురు చెప్పినట్టు చెప్పాడు. పాపం, నూనె పొయ్యక్కర్లేని దానితో ఆర్విడ్ ఏం చేస్తాడు? ప్లగ్గు లేదు, తుడవడానికి కార్బురేటర్ లేదు. ఎర్రదాన్ని గారేజీ మూల గోడవైపు తిప్పి, మీద దుప్పటి కప్పాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

శనివారం వచ్చింది. కొత్తదాన్ని గడ్డిమీదికి తోసి, వంగి, అలవాటుకొద్దీ తాడు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టాడు. చేతికి గాలి తగిలింది. నిటారుగా నిలబడి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసి, బొత్తాం నొక్కాడు. మెషీన్ బుర్రుమంది. తర్వాత దాన్ని ఆపి, గారేజీలో మేకుకి తగిలించిన చెవి డొప్పలు, ఎర్రదాని మోతకి చెవులు పోకుండా ఇన్నేళ్ళూ పెట్టుకున్నవే, తీసుకుని తలకి తగిలించుకున్నాడు.

నేను సైగ చేశాను, అవి ఇప్పుడెందుకని. ఒక డొప్ప ఎత్తి, "గడ్డి కోసేటప్పుడు పెట్టుకుంటాం" అన్నాడు. ఎవరం పెట్టుకుంటామో నేనడగలేదు. మళ్ళీ మూసుకుని బయల్దేరాడు.

పెట్రోలు వాసన లేదు కదా అని ఆ రోజు వంటగది కిటికీ బార్లా తెరిచాను. సింకు దగ్గర పుల్లటి రూబార్బ్ కాడలు చెక్కుతున్నాను, పై వారం చర్చి విందుకి. బయట ఎవరో మగమనిషి గొంతు. వెర్నా రేడియో పెట్టిందనుకున్నాను. తర్వాత ఆవిడకి చుట్టాలెవరైనా వచ్చారేమో అనుకున్నాను, మంచి గట్టి గొంతు. అంతలో ఆ గొంతు నా పేరు పిలిచింది.

"పసుపు వద్దు మార్లిస్."

కత్తి పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. పెరట్లో ఆర్విడ్ తప్ప ఎవరూ లేరు. మెషీన్ తోసుకుంటూ, ముందుకి చూస్తూ, ఎర్రదాని మోతమీదుగా వినబడాల్సినంత గొంతు పెట్టి మాట్లాడుతున్నాడు.

"మా అమ్మ వంటగది పసుపు. సాయంత్రమైతే అక్కడ బల్ల దగ్గర కూర్చుని ఏడ్చేది. ఎందుకో మేమెవరం అడగలేదు. పసుపు రంగు చూస్తే నాకదే. నువ్వు నీలం వేయించు. నీలం చొక్కా వేసుకుని నువ్వు గిన్నెలు తోముతుంటే నాకు ఇప్పటికీ..." అక్కడ మలుపు తిరిగాడు, మిగతాది గాలికి పోయింది.

వంటగదికి పసుపు రంగు వేయిద్దామా అని ఆ పొద్దున్న నేనే అడిగాను. అతను గుడ్డు తింటూ కూర్చున్నాడు. నేను కూడా మామూలుగానే, వేయిద్దాం మార్లిస్ అని అతని జవాబు నేనే చెప్పేసి లేచాను.

అప్పుడు అర్థమైంది నాకు. ఇతనికి మాటలు లేక కాదు. ప్రతి శనివారం, ఆ ఎర్రదాని మోత కింద, ఎవరికీ వినబడదన్న ధీమాతో, వారమంతా దాచుకున్నది గడ్డికి చెప్పుకుంటున్నాడు. నేను కిటికీలు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు మోత పోయింది, అలవాటు మిగిలింది. చెవులకి డొప్పలు ఉన్నాయి కనక తన గొంతు బయటికి ఎంత వినబడుతోందో తనకే తెలియడం లేదు.

వెంటనే వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. మళ్ళీ మలుపు తిరిగి ఇటు వస్తాడని ఎదురుచూశాను.

తర్వాతి వారాలు నా జన్మలో మంచి వారాలు. ఆర్విడ్ గడ్డికి చెప్పని సంగతి లేదు. నేను టునా చేపతో ఓవెన్‌లో చేసే హాట్‌డిష్ అతనికి ఏనాడూ నచ్చలేదట. "పైన చిప్స్ చల్లుతుంది, అవి తింటాను, అడుగుది మింగుతాను" అన్నాడు. కోపమొచ్చింది, కానీ దాని గురించి అతన్ని నిలదీసే దారి లేదు. సోన్యా మొగుడు మంచివాడే కాని కరచాలనం చేస్తే తడిబట్ట పట్టుకున్నట్టు ఉంటుందట. తమ్ముడు పోయినప్పుడు అంత్యక్రియల్లో ఒక్క ముక్క మాట్లాడలేకపోయానని, మూడు వరసల గడ్డి కోసినంతసేపు, ఆ మాట్లాడాల్సిందంతా మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. నేను చేతులు తుడుచుకుని నిలబడి విన్నాను.

వినేది నేనొక్కదాన్నే కాదని ఆలస్యంగా తెలిసింది. ఒక శనివారం అతను, "వెర్నా టమాటా మొక్కలు మళ్ళీ దగ్గర దగ్గరగా నాటింది, ప్రతి ఏడూ ఇదే, బుర్ర పెట్టదు" అన్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే వెర్నా మోకాళ్ళమీద కూర్చుని సగం మొక్కలు పెకిలించి వేరే మడిలో నాటుతోంది. మా ఇద్దరి చూపులూ కలిశాయి.

"నువ్వూ వింటున్నావా?" అన్నాను.

"ఎలా వినకుండా ఉండమంటావు? మా హాల్లోకి కూడా వినబడుతుంది." మట్టి చేతులు దులుపుకుని దగ్గరికి వచ్చింది. "వీధిలో ఎవరూ శనివారం గడ్డి కొయ్యడం లేదు, గమనించావా? అందరూ శుక్రవారానికి మార్చుకున్నారు. పాస్టరు గారి భార్య నడకకి మన వీధికే వస్తోంది. ఆవిడకి నడిస్తే మోకాళ్ళ నొప్పులు."

"అయ్యో. అతనికి చెప్పెయ్యాలి వెర్నా."

"చెబితే చచ్చిపోతాడు."

"నిజమే."

"అందుకే ఎవరం చెప్పట్లేదు" అంది. "మర్యాద కాదు కదా."

మా ఊళ్ళో ఒకరి జిప్పు ఊడిపోయినా ఇంకొకరు చెప్పరు. ఆ మర్యాద వల్ల మా ఆయన గుట్టంతా వీధిన పడింది, ఆ మర్యాద వల్లే నిలబడింది కూడా.

ఇంక నేను తెలివి మీరాను. వంటగదికి నీలం వేయించాను. చూసి, "మరీ అంత ఘోరంగా ఏం లేదు" అన్నాడు. శనివారం గడ్డి దగ్గర, "ఎలా కనిపెట్టిందో, నాకు తిండి సయించే రంగు వేసింది" అన్నాడు. టునా మానేశాను. ఏది తెలుసుకోవాలన్నా శుక్రవారం భోజనం దగ్గర అడిగి వదిలేసేదాన్ని. అతను మామూలుగా నమలడంలో పడేవాడు. శనివారం పొద్దున్న కిటికీలో జవాబు వచ్చేది. ఇంత సుఖమైన కాపురం నేనెప్పుడూ ఎరగను.

ఆ ధైర్యంతోనే, ఒక శుక్రవారం బంగాళాదుంపలు వడ్డిస్తూ, మామూలు మాటలా అడిగాను. "గుండె సంగతి ఆ డాక్టరు అసలేమన్నాడు ఆర్విడ్?"

"చెప్పాను కదా" అన్నాడు.

పొద్దున్న మళ్ళీ రూబార్బ్ కాడలు పట్టుకుని సింకు దగ్గర నిలబడ్డాను. మొదట గడ్డిలో మొలిచే డాండెలయన్ కలుపుమొక్కల మీద మొదలుపెట్టాడు, వాటి వేళ్ళమీద కాసేపు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మెషీన్ చప్పుడే. ఇల్లు దాటి, షెడ్డు దాటి, ఇటు తిరిగాడు.

"వాల్వు పోయిందట మార్లిస్. గట్టిపడిపోయి సరిగా తెరుచుకోవడం లేదట. ఆకులు రాలకముందే మార్చాలన్నాడు. మార్చకపోతే ఎన్నాళ్ళని అడిగాను. ఇంకో రెండు వేసవులు అనుకో అన్నాడు, అదీ గట్టిగా చెప్పలేదు."

కుళాయి కట్టేసి కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాను.

"నా దగ్గరికి ఎన్ని ఇంజన్లు రాలేదు, వాల్వు పోయినవి. ఎన్నేళ్ళదని అడిగేవాణ్ణి. ఇంత పాతదానికి కొత్త వాల్వు దండగయ్యా, వదిలెయ్ అని చెప్పి పంపేవాణ్ణి. ఒక్కడూ నాతో వాదించలేదు. తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. నిజం కనకే కదా." మలుపు దగ్గర ఆగాడు, మళ్ళీ తోశాడు. "మీ అమ్మ దగ్గర ఆ ఆసుపత్రి కుర్చీలో కూర్చున్నావు. మీ అక్క దగ్గర కూర్చున్నావు. చాల్లే. నీకు చెప్పను. ఈ ఏడు గడ్డి కోస్తాను, పై ఏడు కూడా కొయ్యగలిగితే కోస్తాను."

ఆ తర్వాత మళ్ళీ డాండెలయన్ల సంగతికి వచ్చాడు. కంచె అవతల వెర్నా కుర్చీలోంచి లేచింది. నావైపు చూడలేదు. కుర్చీ మడిచి, చంకలో పెట్టుకుని, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను ఆ రూబార్బ్ అంతా వండాను. ఎలా వండానో తెలియదు, చక్కెర వేశానో లేదో కూడా తెలియదు. నాకు భయం, ఆ భయం కింద కోపం. నన్ను అడగకుండా నా కుర్చీ గురించి నిర్ణయించడానికి ఇతనెవరు? ఎవరి దగ్గర కూర్చుంటానో, ఎన్నాళ్ళు కూర్చుంటానో నేను చెప్పాలి. కానీ చెప్పాలంటే విన్నానని చెప్పాలి. విన్నానంటే, నేనొక్కదాన్నే కాదు, వీధంతా విన్నదని తెలుస్తుంది. వాళ్ళ అమ్మ ఏడుపు, తమ్ముడి చావు, నా నీలం చొక్కా, అన్నీ. ఆ రోజుతో ఆర్విడ్ గడ్డితో కూడా మాట్లాడడం మానేస్తాడు. మానేసి ఆ రెండు వేసవులూ నోరు మూసుకుని గడిపేస్తాడు. అతని మాటలు వింటూ ఉండటమా, మనిషిని దక్కించుకోవడమా అని ఆలోచిస్తూ వారమంతా తిరిగాను. తిరుగుతూ మాట్లాడటం మరిచిపోయాను.

బుధవారం రాత్రి భోజనం దగ్గర ఆర్విడ్ ముళ్ళచెంచా కింద పెట్టాడు. "వంట్లో బాలేదా?"

అతనంతట అతను నన్ను ప్రశ్న అడగడం ఎప్పుడు జరిగిందో గుర్తులేదు.

"మరీ అంత ఘోరంగా ఏం లేదు" అన్నాను.

నన్నే చూశాడు. తర్వాత మళ్ళీ ముళ్ళచెంచా అందుకున్నాడు.

శనివారం అతను మెషీన్ తీసేదాకా ఆగి, గారేజీలోకి వెళ్ళి అంచులు కత్తిరించేది తీసుకున్నాను. అంతవరకూ దాన్ని ముట్టుకోలేదు. బ్యాటరీ తోసి, బొత్తాం నొక్కి, పూలమడి అంచున నిలబడ్డాను. నా ఉపాయం ఇదీ: అతను గడ్డికి చెబుతున్నట్టే నేనూ పూలమడికి చెబుతాను. ఎదురుగా నిలబెట్టి అడిగినట్టూ ఉండదు, చెప్పినట్టూ ఉంటుంది. అతను దగ్గరికి రాగానే మొదలుపెట్టాను.

"కొందరికి వాల్వులు మార్పించుకోవడం ఇష్టం ఉండదు" అన్నాను పిటూనియాలతో.

అతను ఉడతల గురించి మాట్లాడుకుంటూ దాటిపోయాడు. మళ్ళీ ఇటు వచ్చినప్పుడు గొంతు పెంచాను. "కొందరు పెళ్ళాం తరపున కూడా వాళ్ళే ఆలోచించేస్తారు." అతను పక్షులకి పెట్టిన గింజలు ఉడతలు ఎలా కాజేస్తున్నాయో చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ డొప్పల సంగతి నేను ఆలోచించలేదు. మూడోసారికి బడి వంటగది గొంతు బయటికి వచ్చింది. అతను ఉడతలని తిడుతున్నాడు, నేను అతన్ని తిడుతున్నాను, చేతిలోది ఎటు తిరిగిందో చూసుకోలేదు, పిటూనియాలు సగం నేలకొరిగాయి. వెర్నా ఇంటి తలుపు తెరుచుకుంది. రోడ్డుమీద పాస్టరు గారి భార్య ఆగి, బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది.

చేతిలోది కింద పడేసి, గడ్డికి అడ్డంపడి వెళ్ళి, అతని తలమీంచి ఆ డొప్పలు ఊడబీకాను.

"అరుస్తావేంటి?" అని అరిచాడు ఆర్విడ్.

చేతులు పిడి వదిలేశాయి. వదిలితే ఆగిపోయే మెషీన్ అది. అతని అరుపు వెళ్ళి ఎదురింటి గోడకి తగిలింది. ఆ చప్పుడు అతను విన్నాడు. ఆగిపోయిన మెషీన్ వైపు చూశాడు, నా చేతిలో డొప్పల వైపు చూశాడు, బార్లా తెరిచి ఉన్న వంటగది కిటికీ వైపు చూశాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా ఎక్కింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొదటి రోజునుంచీ."

"నువ్వేనా?"

నేను జవాబు చెప్పకుండానే కంచె దగ్గరినుంచి వెర్నా అందుకుంది. "నేనేం వినలేదు ఆర్విడ్. టమాటాల గురించి కూడా వినలేదు."

ఆర్విడ్ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మెషీన్ గారేజీ వైపు తిప్పాడు. ఇప్పుడు లోపలికి వెళితే మళ్ళీ బయటికి రాడని నాకు తెలుసు. ఇంకేమీ తోచక అతని చక్రాల ముందు గడ్డిలో కూర్చున్నాను. నా మోకాళ్ళు కూర్చోనిస్తాయి కాని లేవనివ్వవు, అది ఆర్విడ్‌కీ తెలుసు.

"లే మార్లిస్."

"లేవను."

"అందరూ చూస్తున్నారు."

"విన్నవాళ్ళు చూస్తే తప్పేంటి?"

చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. లాగబోయి, ఒక్క గుంజుకే ఆగిపోయి, ఆ మొదటి శనివారం తాడు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఈసారి ఆకాశం చూడలేదు. నన్నే చూశాడు. చెయ్యి వదలకుండానే, ఒక మోకాలు తర్వాత ఒక మోకాలు వంచి, నా పక్కన గడ్డిలో కూలబడ్డాడు. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. పాస్టరు గారి భార్య ఇంక బూటు లేసు ఎంతసేపు కడుతుంది, వెళ్ళిపోయింది. వెర్నా కూడా లోపలికి వెళ్ళింది.

"ఇంక ఇద్దరం లేవలేం" అన్నాడు.

"తొందరేం లేదు."

కోసినదీ కొయ్యనిదీ మధ్యలో కూర్చున్నాం. అతను చేతి తొడుగుకి అంటిన గడ్డి ముక్కలు ఒక్కొక్కటే తీస్తున్నాడు.

"ఇంత పాతదానికి దండగ మార్లిస్" అన్నాడు. "నాకు ఆ పని తెలుసు. ఊరందరికీ అదే చెప్పాను."

"ఊరందరికీ చెప్పావు. నీ ఎర్రదానికి మాత్రం ఎన్నిసార్లు మార్చావు వాల్వు? సోన్యా పెళ్ళికి ముందు రోజు గారేజీలో నువ్వు చేస్తున్న పనేంటి? అతిథులొస్తుంటే మోచేతుల దాకా నూనెతో నిలబడ్డావు. అప్పటికే అది ముసలిది. అప్పుడు దండగ కాలేదా?"

తొడుగు మీంచి ఇంకో గడ్డి ముక్క తీశాడు. జవాబు కోసం శనివారం దాకా ఆగే ఓపిక నాకు లేదు. మోచేత్తో పొడిచాను.

"అది నాది" అన్నాడు. "నాది కనక మార్చాను."

"నువ్వు నావాడివి."

తొడుగు వేసిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ముఖమంతా పచ్చగా గడ్డి మరకలయ్యాయి. నేను నవ్వాననుకుంటాను, ఏడ్చానో మరి. నా భుజానికి భుజం ఆనించి, మా వాకిలి దాటి ఇంకెవరికీ వినబడనంత చిన్న గొంతుతో, "సోమవారం ఫోన్ చేస్తాను. డాక్టరు చెప్పేటప్పుడు నువ్వూ పక్కన ఉండు" అన్నాడు.